స్క్వాక్ కోడ్

గాల్లో ఉండగా ఇంజిన్‌లో లోపం వస్తే ‘పైలట్ 7700 స్క్వాక్ చేశారు’ అని వార్తల్లో చదువుతుంటాం. రాడార్ తెరపై ఏ చుక్క ఏ విమానమో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కు తెలిపే నాలుగంకెల సంఖ్యే ఈ కోడ్.

ప్రైమరీ రాడార్ విమానం ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందో పసిగడుతుంది. అంతే. అదెవరిదో, ఎంత ఎత్తులో ఉందో చెప్పలేదు. సెకండరీ రాడార్ ఏకంగా విమానాన్నే అడుగుతుంది. అందులోని ట్రాన్స్‌పాండర్ అనే పరికరం కోడ్‌నూ ఎత్తునూ బదులుగా పంపుతుంది. కంట్రోలర్ ‘స్క్వాక్ 2341’ అనగానే పైలట్ ఆ అంకెలు నొక్కుతారు. తెరపై చుక్క పక్కన ఫ్లైట్ నంబరు, ఎత్తు, వేగం ప్రత్యక్షమవుతాయి. ఇక ఎటు తిరగాలో, ఎంత దిగాలో కంట్రోలర్ రేడియోలో చెప్పి నడిపిస్తారు.

8, 9 అంకెలు వాడరు కాబట్టి మొత్తం కోడ్‌లు 4,096. హైజాక్‌కు 7500, రేడియో మూగబోతే 7600, ఇతర అత్యవసరాలకు 7700.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ, కజక్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానం తనకిచ్చిన 15,000 అడుగుల కన్నా కిందికి దిగింది. అప్పట్లో ఢిల్లీ కంట్రోలర్ ముందున్నది ప్రైమరీ రాడారే. ఆ దిగడం తెరపై కనిపించే వీలే లేదు.