కణానికి కావలివాడు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దల సామెత. రాచపుండు అటువంటి ఇంటి దొంగ. క్షయ, కలరా వంటి జబ్బులు బయటి క్రిముల వల్ల వస్తాయి. రాచపుండులో మన దేహంలోని కణమే దారి తప్పి పొరుగు కణాల చోటును ఆక్రమిస్తుంది. అయితే ఆ దొంగను పట్టే కావలివాడు కూడా కణంలోనే ఉన్నాడు.

నోటి లోపలి పొరను చూడండి. అక్కడి కణాలు గోడలో ఇటుకల వలె ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉంటాయి. వాటి మధ్య సున్నం వంటిది ఇ-క్యాడ్హెరిన్ అనే మాంసకృత్తు. అడుగున ఒక పలుచని పునాది పొర ఉంటుంది. చెడిన కణాలు దానికి ఇవతల ఉన్నంత కాలం కోసి తీసివేస్తే సాధారణంగా పీడ విరగడౌతుంది. అవి సున్నాన్ని వదిలించుకొని, పొరను కరిగించే రసాలను విడిచి అవతలికి దాటితేనే అసలు ప్రమాదం. అక్కడినుంచి మెడలోని గ్రంథులకు, ఊపిరితిత్తులకు పాకగలవు.

ఈ దాటడాన్ని అడ్డగించేవారిలో ముఖ్యుడు పి-53 అనే మాంసకృత్తు. దీనిని 1979లో కనుగొన్నారు. మొదట పదేళ్ళు శాస్త్రజ్ఞులు దీనినే దొంగ అనుకున్నారు. వారు పరీక్షించినది చెడిపోయిన పి-53 అనీ, మంచిది పుండును అణచుతుందనీ 1989లో తేలింది.

దీని పని మన ఆఫీసు ఆడిటరు పని వంటిది. కణంలోని జన్యువులకు దెబ్బ తగిలితే, తప్పు దిద్దేదాకా కణం రెండుగా చీలకుండా ఆపుతుంది. దిద్దలేనిదైతే ఆ కణాన్నే చావమంటుంది. అంతేకాదు, సున్నాన్ని తగ్గించే స్లగ్ అనే మరొక మాంసకృత్తును నాశనం చేయిస్తుందని 2009లో తెలిసింది. అందువల్ల కణాలు గోడ విడిచి పోవు.

మరి ఈ కావలివాడే చెడితే? ఊరికే నిద్రపోవడం కాదు, కొన్నిసార్లు దొంగలకు తానే తలుపు తీస్తాడు. కొన్ని విధాలుగా మారిన పి-53 కణాల పాకుడును పెంచుతుంది. మనుషులకు వచ్చే క్యాన్సర్లలో సుమారు సగంలో ఈ జన్యువు చెడే ఉంటుంది.

చెరిచేవాటిలో పొగాకు ముఖ్యం. పొగలోని బెంజోపైరీన్ సరిగా ఈ జన్యువులోని కీలక స్థానాలకే అతుక్కుంటుందని 1996లో చూపారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో స్త్రీలు నిప్పున్న కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చే అలవాటు ఉంది. దానిని అడ్డపొగ అంటారు. ఇతరచోట్ల అరుదైన అంగిలి క్యాన్సరు వారిలో ఎక్కువగా కనబడింది.

మన చిమ్కోడు వైపు అడ్డపొగ లేదు గాని, బీడీ, జర్దా, గుట్కా లేని వీధి ఏది? నోటిలో తెల్లమచ్చ కనబడినా, పుండు మానకపోయినా “వేడి చేసిందిలే” అని మజ్జిగ తాగి ఊరుకుంటాం. ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ అయితే ఎవరికీ చెప్పనే చెప్పరు.

మూడు వారాలలో మానని పుండును డాక్టరుకు చూపించాలి. ముందు బీదరులోనే చూపించవచ్చు. హైదరాబాదులో 1955 నుంచి ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉంది. 1956 వరకు మన జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే గనుక ఆ దారి మన ఇళ్ళకు కొత్త కాదు. పునాది పొర దాటకముందే ఆ దారి పట్టడం మేలు.