ఇంజనీరు - నిర్వహణ విద్య

కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణం రాజ్యంలోని వివిధ శాఖల అధ్యక్షుల విధులను వివరిస్తుంది. గనులను చూసుకొనే ఆకరాధ్యక్షునికి లోహాలను గురించిన శాస్త్రం తెలిసి ఉండాలి. తెలియనినాడు తెలిసినవారిని తోడు ఉంచుకోవాలి. సేద్యాన్ని పర్యవేక్షించే సీతాధ్యక్షునికీ ఇదే నియమం. పని చేయించేవానికి ఆ పని స్వయంగా తెలిసి ఉండాలా, తెలిసినవారి తోడు చాలునా అన్న సందేహం అంత పాతది. ఇంజనీరింగు పట్టా చేతికి రాగానే ఎం.బి.ఏ. ప్రవేశపరీక్షకు సిద్ధమయ్యే నేటి విద్యార్థి ముందు అదే సందేహం మరొక రూపంలో నిలుస్తుంది. పని తెలిసినవాడు, చేయించడం నేర్చుకున్న తరువాత, తన మొదటి విద్యను ఏమి చేసుకోవాలి?

నిర్వహణశాస్త్రాన్ని వ్యాపారులు పుట్టించారని చాలామంది భావిస్తారు. దాని తొలి ఆచార్యులలో ప్రముఖులు ఇంజనీర్లే. 1886లో హెన్రీ టౌన్ అనే అమెరికన్ ఇంజనీరు తన వృత్తిసంఘం సభలో ఒక పత్రం చదివి, కర్మాగారాన్ని నడపడం యంత్రాన్ని నిర్మించడంతో సమానమైన ప్రాముఖ్యం గలదని వాదించాడు. ఉక్కు కర్మాగారంలో పనిచేసిన ఫ్రెడరిక్ టేలర్ ఒక్కొక్క పనికి పట్టే కాలాన్ని స్టాప్‌వాచితో కొలిపించి, 1911లో శాస్త్రీయ నిర్వహణ సూత్రాలను గ్రంథంగా వెలువరించాడు. కార్మికుణ్ణి యంత్రభాగంగా చూశాడన్న నింద ఆయనను నేటికీ వదలలేదు. అది పూర్తిగా అన్యాయమైన నిందా కాదు. ఫ్రాన్సులో హెన్రీ ఫేయోల్ గనుల ఇంజనీరుగా ఉద్యోగంలో చేరి, ఆ సంస్థకే అధిపతి అయ్యాడు. ఇంజనీరింగు విద్యాలయాలు గణితానికి అతి ప్రాధాన్యమిచ్చి పరిపాలనను విస్మరిస్తున్నాయని ఆయన ఆక్షేపణ. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 1914లోనే ఈ లోటును తీర్చడానికి ఒక పాఠ్యక్రమాన్ని ప్రారంభించింది. అక్కడే 1895లో విద్యుత్ ఇంజనీరింగు పూర్తిచేసి, తరువాత జనరల్ మోటార్స్ సంస్థను నడిపించిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ పేరుతో ఆ సంస్థలోని నిర్వహణ విద్యాలయం నేడు ప్రసిద్ధి పొందింది.

మన దేశంలో 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరాలలో ఐ.ఐ.ఎం.లు వెలిశాయి. పారిశ్రామిక ఇంజనీరింగు కోసం 1963లో ముంబయిలో ప్రత్యేకంగా మరొక జాతీయ సంస్థను స్థాపించారు; అది 2023లో ఐ.ఐ.ఎం.గా మారింది. విశాఖపట్నంలో 2015లో ఐ.ఐ.ఎం. ఏర్పడింది. ఏ పట్టా కలవారైనా ఈ విద్యకు అర్హులే. అయినా గణితానికీ, తర్కానికీ పెద్దపీట వేసే ప్రవేశపరీక్ష ఇంజనీర్లకు అనుకూలించడం సహజం.

ఇంతకూ ఇంజనీరుకు అక్కడ కొత్తగా దొరికేదేమిటి? ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. వ్యవసాయ పంపుసెట్లు తయారుచేసే ఒక కర్మాగారం ఉన్నదనుకొందాం. అద్దె, జీతాలు, అప్పుపై వడ్డీ కలిసి ఏడాదికి 12 లక్షల రూపాయలు. పంపులు అమ్ముడైనా కాకపోయినా ఈ ఖర్చు తప్పదు. ఒక్కొక్క పంపుకు ముడిసరుకు, కూలి కలిపి 6,000 రూపాయలు. అమ్మకపు ధర 9,000. పంపుకు మిగిలేది 3,000 కనుక 400 పంపులు అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. దీనినే బ్రేక్ ఈవెన్ స్థానం అంటారు. ఏడాదికి 500 పంపులు అమ్ముడవుతూ ఉంటే లాభం 3 లక్షలు. ఇప్పుడు అక్కడి ఇంజనీరు మరింత మేలైన లోహం వాడి, పంపు మన్నికను పెంచాడు. ఖర్చు వెయ్యి రూపాయలు పెరిగింది. పోటీ వల్ల ధర పెంచలేదు. మిగులు 2,000కు తగ్గింది. గట్టెక్కాలంటే 600 పంపులు అమ్మాలి. అమ్ముడయ్యేవి అవే 500 అయితే 3 లక్షల లాభం 2 లక్షల నష్టంగా మారుతుంది.

పంపు మునుపటికన్నా మంచిదే. తప్పు ఇంజనీరింగులో లేదు. అయితే మన్నికైన పంపును పాత లోహానికి తిప్పి పంపడమే తెలివి అనుకోవడం తొందరపాటు. రైతు ఆ మన్నికకు మరో ఐదువందలు ఇస్తాడేమో, మరమ్మతుల బెడద తప్పిందని పొరుగువారికి చెబుతాడేమో! ఈ 'ఏమో'లను ఊహించి, తూచి, ఒక నిర్ణయానికి రావడమే నిర్వహణ విద్యలోని అసలు సాధన. ఒక లెక్కకు ఒకే జవాబుకు అలవాటుపడిన విద్యార్థికి మొదట ఇది చికాకు కలిగిస్తుంది. తోటివారు పదిమంది పది జవాబులు చెప్పడం, అన్నింటిలో కొంత సబబు ఉండడం అతడు అంతకుముందు తరగతి గదిలో అంతగా ఎరుగని అనుభవం.

అందువల్లనే కొన్నేళ్ళు పనిచేసి వచ్చినవారికి ఈ చదువు ఎక్కువ వంటబడుతుంది. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ళ విద్యుత్ ఇంజనీరింగు, కంప్యూటర్ శాస్త్రం చదివి ఉద్యోగంలో చేరిన తరువాత, వారాంతాలలో విమానమెక్కి షికాగో వెళ్ళి 1997లో ఎం.బి.ఏ. పట్టా పొందారు. 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి.

నాణేనికి రెండవ వైపు కూడా చూడవలసి ఉన్నది. 1986 జనవరి 27 రాత్రి, చాలెంజర్ వ్యోమనౌక ప్రయోగానికి ముందు, దాని రాకెట్లను తయారుచేసిన సంస్థలోని ఇంజనీర్లు అభ్యంతరం చెప్పారు. రాకెట్టు కీళ్ళలోని రబ్బరు వలయాలు చలికి బిగుసుకొని, వేడి వాయువులను ఆపలేకపోవచ్చునని వారి భయం. సుమారు 12 డిగ్రీల సెల్సియస్‌కు తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగించవద్దన్నారు. మరునాటి చలి అంతకన్నా చాలా ఎక్కువ. చర్చ సాగుతుండగా, ఇంజనీరింగు విభాగాధిపతిని పైఅధికారి ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకొమ్మన్నాడు. ఆయన పెట్టుకొన్నాడు. అనుమతి వెళ్ళింది. మరునాడు ప్రయోగించిన 73 సెకన్లకు నౌక బద్దలై అందులోని ఏడుగురూ మరణించారు.

ఆ గదిలో లోపించినది సాంకేతిక జ్ఞానం కాదు. ఇంజనీరును అధికారిని చేసిన హోదాయే అతణ్ణి ఇంజనీరుగా ఆలోచించనీయలేదు. ఆకరాధ్యక్షునికి లోహశాస్త్రం వచ్చు; పక్కన వచ్చినవారూ ఉన్నారు; ఆ రాత్రి రెండూ అక్కరకు రాలేదు.

నేడు కొన్ని నిర్వహణ విద్యాలయాలలో ఒక అభ్యాసం చేయిస్తారు. ఒక మోటారు పందేల జట్టు ఇంజను కొన్నిసార్లు చెడిపోయింది. రేపు చలిగా ఉండబోతున్నది. పందెంలో దిగాలా వద్దా అన్నది విద్యార్థులు తేల్చాలి. చెడిపోయిన రోజుల ఉష్ణోగ్రతలు వారి చేతిలో ఉంటాయి. చెడిపోని రోజుల వివరాలు కావాలని అడిగేవారు అరుదు. చాలామంది దిగుదామనే అంటారు. అంతా ముగిశాక అధ్యాపకుడు, ఆ అంకెలు కారు ఇంజనువి కావనీ, చాలెంజర్ రబ్బరు వలయాలవనీ వెల్లడిస్తాడు.