ఒక్క ‘వద్దు’కు ఇంగ్లీషులో ఏడు మాటలు

మన తెలుగులో ‘వద్దు’ అనే మాట రెండు పనులు చేస్తుంది. “చెరువు దిక్కు పోవద్దు” అని తల్లి బిడ్డకు చెబుతుంది. “నాకు చాయ వద్దు” అని ఇంటికొచ్చిన చుట్టం అంటాడు. మొదటిది ఎదుటివారిని ఆపే మాట, రెండవది తన మట్టుకు తాను కాదనే మాట. ఇంగ్లీషులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. మన బిడ్డలు పరీక్షల్లో తడబడేది ఇక్కడే. ఈ తేడా తెలిస్తే పరీక్షకే కాదు, బ్రతుకుకు కూడా మేలు.

పైనుండి వచ్చే ‘వద్దు’

ఫర్‌బిడ్, ప్రొహిబిట్, బ్యాన్ – ఈ మూడూ అధికారం ఉన్నవారి మాటలు.

ఇంట్లో తండ్రి, బడిలో పంతులు వద్దంటే అది ఫర్‌బిడ్. దాని వెంట ‘టు’ వస్తుంది: “మై ఫాదర్ ఫర్‌బేడ్ మి టు గో.” చట్టమో నియమమో వద్దంటే అది ప్రొహిబిట్. బస్సులో పొగ త్రాగరాదని వ్రాసేది ఈ మాటతోనే. దాని వెంట ‘ఫ్రమ్’ వస్తుంది. ప్రభుత్వం ఒక వస్తువునో సంస్థనో పనినో ఉత్తర్వు వేసి ఆపితే అది బ్యాన్.

ఈ బ్యాన్ అనే మాట మన సంఘాలకు చుట్టమే. పెండ్లికి ముందు ఆదివారాల్లో గుడిలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు గదా! ఆ ప్రకటనలను ఇంగ్లీషులో ‘బ్యాన్స్’ అంటారు. రెండు మాటలూ ఒకే పాత వేరునుండి పుట్టినవి. ఆ వేరుకు అర్థం నలుగురిలో చాటడం. కాలక్రమంలో ఒకటి పెండ్లి ప్రకటనగా నిలిచింది, మరొకటి చాటి ఆపడంగా మారింది.

క్రిందినుండి వచ్చే ‘వద్దు’

రెఫ్యూజ్, డిక్లైన్, రిజెక్ట్, డినై అనే మాటలకు అధికారం అక్కరలేదు. కూలివాడైనా, చిన్నపిల్లయైనా అనవచ్చు.

గట్టిగా కాదంటే రెఫ్యూజ్. మర్యాదగా వద్దంటే డిక్లైన్. పరిశీలించి పనికిరాదని త్రోసివేస్తే రిజెక్ట్. దరఖాస్తులకు జరిగేది ఇదే. ఉన్నదానిని లేదంటే డినై. రావలసిన హక్కును ఇవ్వకపోయినా డినై అనే అంటారు. ప్రభువును ఎరుగనని పేతురు అన్నాడు గదా, అది డినై. అక్కడ రెఫ్యూజ్ అని వ్రాస్తే తప్పు.

దానియేలు చరిత్రలో రెండు మాటలు దొరుకుతాయి. రాజు భోజనం తనకు వద్దని ఆయన అధికారిని వినయంగా వేడుకొన్నాడు. అది డిక్లైన్. తరువాత దర్యావేషు 30 దినాలపాటు తనకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయరాదని శాసనం చేశాడు. అది బ్యాన్. దానియేలు ఎప్పటిలాగే కిటికీలు తెరచి ముమ్మారు మోకాళ్లూనాడు. రాజుమీద తిరగబడలేదు, దాగుకొననూ లేదు. ఆ శాసనానికి లోబడలేదు, అంతే. అది రెఫ్యూజ్.

పరకాలలో ఏమి జరిగింది?

ఈ రెండు మాటలు ఎదురెదురుగా నిలిచిన చోటు మన పరకాల. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానం మాత్రం భారతదేశంలో చేరలేదు. అంతకుముందే 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసును నిషేధించిన ప్రభుత్వమది. ఆ నిషేధం 1946 వరకు సాగింది. ఇప్పుడు మూడు రంగుల జెండా ఎగురవేయరాదని ఆంక్ష పెట్టింది.

1947 సెప్టెంబరు 2న చుట్టుప్రక్కల పల్లెల జనం జెండా ఎగురవేయడానికి పరకాలకు తరలివచ్చారు. వారిమీద తుపాకులు పేలాయి. 22 మంది చనిపోయారని, ఎందరో గాయపడ్డారని ఇక్కడివారు చెప్పుకొంటారు. ఏడాది తరువాత, 1948 సెప్టెంబరు 17న, ఆ సంస్థానం భారతదేశంలో కలిసింది. జెండామీది ఆంక్ష పోయింది. చనిపోయినవారి జ్ఞాపకార్థం 2003లో పరకాలలో అమరధామం వెలసింది. బ్యాన్ వెనుక తుపాకి ఉంది. రెఫ్యూజ్ చేసినవారి వెనుక ఏ బలగమూ లేదు. అయినా ఈనాడు పరకాల తలచుకొనేది వారినే.

ఇంటినుండి పుట్టిన నిషేధం

నిషేధమంతా చెడ్డదని కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మనీయమని నిలబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠం వారికి ధైర్యమిచ్చింది. ఆ మాట ఊరూరా ప్రాకింది. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16నుండి మద్యమంతటినీ నిషేధించింది. అంటే ముందు తల్లుల రెఫ్యూజ్, ఆ వెనుక ప్రభుత్వపు బ్యాన్.

కాని 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. నేడు మన తెలంగాణలో మద్యం దుకాణాలు ప్రభుత్వ అనుమతితోనే నడుస్తున్నాయి. ప్రభుత్వం పెట్టిన బ్యాన్‌ను ప్రభుత్వమే తీసివేయగలదు. మనిషి తనంతట తాను చేసిన రెఫ్యూజ్‌ను ఏ ఉత్తర్వూ తీసివేయలేదు. కూలి డబ్బులు చేతికందిన సాయంత్రం దుకాణం ముందునుండి నేరుగా ఇంటికి నడిచివచ్చే మనిషికి ఏ చట్టమూ అడ్డు నిలవడం లేదు. అతని ‘వద్దు’ అతనిదే.

తల్లిదండ్రులారా, బిడ్డలకు మనం రోజూ ఫర్‌బిడ్ చేస్తూనే ఉంటాము. అది మన బాధ్యత కూడా. అయితే అది మన కన్ను ఉన్నంత దూరమే పనిచేస్తుంది. రేపు హాస్టల్లోనో పట్నంలోనో స్నేహితుడు గ్లాసు అందించినప్పుడు వారికి కావలసింది రెఫ్యూజ్. కనుక ఎందుకు వద్దో కూడా విడమరచి చెప్పండి. వారు మనసారా ఒప్పుకొన్న ‘వద్దు’ వారి వెంట పోతుంది.

ఈ వారం కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత ఈ ఏడు మాటలతో ఒక్కొక్క వాక్యం పిల్లలచేత వ్రాయించండి. రెఫ్యూజ్ వంతు వచ్చినప్పుడు మాత్రం పెద్దలు కూడా ఒక వాక్యం వ్రాయాలి.