ఆ నలుగురూ ఎవరు?

పోయినవాళ్లను మోయడానికి నలుగురుండాలంటారు పెద్దలు. ఊరూ పేరూ తెలియకుండా, నా అన్నవాళ్లు రాకుండా పోయినవాళ్ల సంగతేంటి? ఆ పనిని నెత్తికెత్తుకున్నవాళ్లు హైదరాబాద్ పాతబస్తీలోనూ, దాని చుట్టుపక్కలా ఉన్నారు. ఆ కథే ఇది.

నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపు వస్తే మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. ఏడో నిజాం కాలంలో కట్టిన భవనం అది. దాని మార్చురీ దగ్గర ఎప్పుడు చూసినా నలుగురైదుగురు నిలబడి ఉంటారు. కొడుకు కోసం వచ్చిన తండ్రి, భర్త కోసం వచ్చిన ఇల్లాలు... కాగితాలు పూర్తయ్యాక ఏడుస్తూ తీసుకుపోతారు. కొన్ని శవాల కోసం మాత్రం ఎవరూ రారు.

ఫుట్‌పాత్ మీద కన్నుమూసిన ముసలాయన, రైలు పట్టాల పక్కన దొరికిన కూలీ, ఆసుపత్రిలో చేర్చి వదిలేసి వెళ్లిన అవ్వ... పోలీసులు పంచనామా చేస్తారు. ఫొటో తీస్తారు. వివరాలు చుట్టుపక్కల స్టేషన్లకు పంపుతారు. కొన్నాళ్లు చూస్తారు. అప్పటికీ ఎవరూ రాకపోతే ఆ మనిషి పేరు ‘గుర్తు తెలియని శవం’. ఆ తర్వాత మున్సిపాలిటీవాళ్లో, సేవాసంస్థలో సాగనంపాలి. లేదంటే చట్టప్రకారం వైద్య కళాశాలకు చేరాలి.

పత్రికాఫీసు నుంచి కాటి దాకా

2003లో ఈ పనిలోకి ఓ పత్రిక దిగింది. 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీఖాన్, మహబూబ్ హుస్సేన్ జిగర్ మొదలుపెట్టిన ఉర్దూ దినపత్రిక ‘సియాసత్’ అది. దిక్కులేని ముస్లిం శవాలను వాళ్ల ఆచారం ప్రకారం ఖననం చేయడానికి సాయం కావాలని పోలీసుల నుంచి వచ్చిన అభ్యర్థనే దీనికి నాంది. సంపాదకుడు జాహిద్ అలీఖాన్ సరేనన్నారు. పాఠకుల విరాళాలతో నడిచే మిల్లత్ ఫండ్ ఆ ఖర్చు భరించింది. అలా సాగనంపినవాళ్ల సంఖ్య ఏళ్లు గడిచేకొద్దీ వేలల్లోకి చేరింది.

దీనివెనుక ఇస్లాంలో ఓ నియమం ఉంది. అంత్యక్రియలు ‘ఫర్జె కిఫాయా’. అంటే ఊరందరి మీదా ఉన్న బాధ్యత. కొందరు చేస్తే అందరూ చేసినట్టే. ఎవరూ చేయకపోతే ఆ పాపం అందరిదీ. అనాథ ప్రేతానికి సంస్కారం చేస్తే కోటి యజ్ఞాల ఫలమని మన పెద్దలు అంటారు. మాట వేరు కావచ్చు, మర్మం ఒకటే.

పని తెలిసిన చేతులు

విదేశాల్లో అయితే ఫ్యునెరల్ డైరెక్టర్ అని ఒకాయన ఉంటాడు. ఫోన్ చేస్తే చాలు, అన్నీ ఆయనే చూసుకుంటాడు. పాతబస్తీలో ఆ ఒక్కడి పని పదిమంది పంచుకుంటారు. శవానికి స్నానం చేయించేవాళ్లు గస్సాల్‌లు. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయించాలి. తర్వాత కుట్టులేని తెల్లబట్ట, అదే కఫన్. మగవాళ్లకు మూడు వస్త్రాలు, ఆడవాళ్లకు ఐదు. జనాజా నమాజులో వంగడం, సాష్టాంగపడడం ఉండవు. నిలబడే చదువుతారు.

గోరీ తవ్వేవాడు గోర్కన్. తల ఉత్తరానికి, ముఖం పడమటికి, కాబా ఉన్న దిక్కుకు తిరిగేలా పడుకోబెడతారు. పైన బండలు పరిచి మట్టి కప్పుతారు. వచ్చినవాళ్లంతా మూడేసి పిడికిళ్ల మట్టి వేస్తారు. వచ్చేవాళ్లే లేనప్పుడు? తవ్వినవాడే ఆ పిడికిళ్లూ వేయాలి.

1578లో కట్టిన పురానాపూల్ పక్కన హిందువుల శ్మశానవాటికలోనూ అంతే. పాడె కట్టేవాళ్లు, చితి పేర్చేవాళ్లు, కాటికాపరి... తలా ఓ పని. కొడుకు లేని శవానికి ఆ కాటికాపరే కొడుకు. తలకొరివి ఆయన చేతిదే.

నాటకంలో చప్పట్లు... వీధిలో?

కాటికాపరి అనగానే మనకు హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. నాటకంలో కాటిసీను కోసమే తెల్లార్లూ కూర్చున్న తరం మనది. గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు వినిపిస్తే ‘వన్స్‌మోర్’ అని కేకలు వేశాం. మరి నిజం కాటికాపరి మన వీధిలోకి వస్తే? పక్కకు తప్పుకుంటాం. ఆయన పిల్లలు బడిలో నాన్న పనేంటో చెప్పడానికి తటపటాయిస్తారు.

2020, 2021ల్లో కరోనా మనందరి కళ్లూ తెరిపించింది. అయినవాళ్లే శవం దగ్గరకు రావడానికి వణికిన రోజులవి. పీపీఈ కిట్లు తొడుక్కుని, ఆ ఎండల్లో చితులు పేర్చింది వీళ్లే, గోతులు తవ్వింది వీళ్లే. మతం అడగకుండా శవాలను మోసిన కుర్రాళ్లూ అప్పుడే ముందుకొచ్చారు.

అయోధ్యలో మహమ్మద్ షరీఫ్ అనే సైకిల్ మెకానిక్ ఉన్నాడు. ఎక్కడో చనిపోయిన కొడుకు దిక్కులేని శవంగా వెళ్లిపోయాడని తెలిసి, అప్పటినుంచి ఏ మతం శవాన్నీ అనాథగా వదలనని ఒట్టు పెట్టుకున్నాడు. 2020లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. ఆ పనికి దొరికిన అరుదైన గౌరవం అది.

అందరిదీ ఒకే మట్టి

హైదరాబాద్ నగరానికి రూపురేఖలు దిద్దిన మీర్ మోమిన్ పాతబస్తీలో ఓ శ్మశానానికి కూడా జాగా ఇచ్చాడు. అదే దాయిరా మీర్ మోమిన్. కర్బలా నుంచి మట్టి తెప్పించి కలిపాడని చెప్పుకుంటారు. సాలార్‌జంగ్ వంశీకుల సమాధులు అక్కడే. పేరులేని పేదల గోరీలూ అక్కడే. ఇళ్లు కట్టేవాడికి కాటి సంగతి కూడా పట్టాలని నాలుగు వందల ఏళ్ల కిందటే ఆయనకు తెలుసు. ఇప్పుడు పాతబస్తీ శ్మశానాల్లో ఆరడుగుల జాగా దొరకడమే కష్టమైపోయింది.

‘సియాసత్’ మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీఖాన్ పత్రిక సేవాకార్యక్రమాలను దగ్గరుండి నడిపించినవారిలో ఒకరు. 2023 ఆగస్టు 7న తన మిత్రుడు గద్దర్‌ను సాగనంపడానికి అల్వాల్ వెళ్లారు. ఆ జనసందోహంలోనే గుండె ఆగి కుప్పకూలిపోయారు. ఓ స్నేహితుడి ఆఖరి ప్రయాణంలో నలుగురిలో ఒకరిగా నిలబడ్డానికి వెళ్లిన మనిషి, అక్కడే తన ప్రయాణం ముగించారు.

2004లో ‘ఆ నలుగురు’ సినిమా చూసి కన్నీళ్లు పెట్టుకోని ఇల్లు లేదు. ఆ నలుగురూ మనకు ఉన్నారా అని ఆ రోజు లెక్క చూసుకున్నాం. ఎవరూ లేనివాళ్లకు మనం ఆ నలుగురిలో ఒకరం కాగలమా అన్నది అంతకంటే పెద్ద లెక్క. ఈసారి శ్మశానానికి వెళ్లినప్పుడు, వెనుదిరిగే ముందు, పలుగూ పారా పట్టుకుని ఓ మూల నిలబడ్డ ఆ మనిషిని ఒక్కసారి పలకరించండి. పేరు అడగండి. ఎందరో పేరులేనివాళ్లను సాగనంపిన ఆయనకూ ఓ పేరుంటుంది!