ముంగిట కారు, చేతిలో ఉప్పుకాగితము

సిడ్నీ మహానగరమునకు వాయవ్యమున, బ్లాక్‌టౌన్ పురపాలక పరిధిలో, ఈ శతాబ్దారంభమున వెలసిన ద పాండ్స్ అను పేటలో మన తెలుగువారు చెప్పుకోదగినంతమంది స్థిరపడియున్నారు. అచ్చట కారు లేనిదే సంసారము సాగదు. ఆ కారునకు సూర్యుడే ప్రథమ శత్రువు. రంగును కాపాడు పారదర్శకమైన పైపూత మనిషి వెండ్రుక మందమైనను ఉండదు. ఏండ్ల తరబడి అతినీలలోహిత కిరణములు సోకి, మొదట పైకప్పునందును బానెట్టునందును అది తెల్లని పొలుసులై లేచిపోవును. విజయవాడ ఆటోనగరులోనైతే బేరమాడి పెయింటరునకు అప్పగించి ఇంటికి రావచ్చును గాని, సిడ్నీలో కూలి మిక్కిలి ప్రియమగుటచేత గృహస్థు తానే ఉప్పుకాగితము చేతబట్టుటలో వింత లేదు.

రంగు వేయుట ఈ పనిలో అతి స్వల్పభాగము. సబ్బునీటితో కడిగి, మైనము, జిడ్డు పోవునట్లు తుడిచి, చెడిన పూతను నీళ్లతో తడుపుచు రుద్దవలెను. కండ్లు మూసికొని వ్రేలికొసతో తడిమినప్పుడు, పాతపూత ముగిసి ఇనుము మొదలగు అంచు ఎక్కడనో తెలియరానంతవరకు రుద్దుటయే ఇందలి విద్య. అంచు తగిలినచో, మీద ఎన్ని కోట్లు వేసినను ఎండలో ఆ గీత కనబడి తీరును. పిదప సొట్టలకు పుట్టీ, దానిపై ప్రైమరు. మరల 600, 800 అంకెల సన్నకాగితము. రంగు సంకేతసంఖ్య తలుపుసందునగాని ఇంజనుగదిలోగాని అంటించిన పలకపై నుండును. అయినను ఎండకు వెలసిన కారుపై అదే రంగు కొట్టవచ్చినట్లు వేరుపడును గనుక, మూలకొక అతుకు వేయుటకన్న పలక మొత్తము వేయుట మేలు.

డబ్బా రంగును జానెడు దూరమునుండి, చేయి ఆపక, వరుసపై వరుస సగము కలియునట్లు పలుచగా చల్లి, కోటునకు కోటునకు నడుమ పది పదునైదు నిమిషములు ఆగవలెను. తొందరపడినచో కన్నీటివలె కారును. 2020 జనవరి 4న పొరుగుననే యున్న పెన్రిత్‌లో 48.9 డిగ్రీల వేడి నమోదైనది. అట్టి దినములలో రంగుతుంపర గాలిలోనే ఆరి గరుకుగా రాలును. శీతకాలపు ప్రాతఃకాలమున మంచు తగిలి పూత పాలిపోవును. స్థలములు ఇరుకైన ఆ పేటలో ముంగిట చల్లిన తుంపర పొరుగువాని కారుపై వాలుట తథ్యము. తలుపు మూసిన గరాజులోనైతే వాయువు నిండి, వేడినీటి గ్యాసు పరికరపు చిన్న మంట తగిలినను అంటుకొనుటకు చాలును.

గట్టిపరచు ద్రవము కలిపిన రెండుపాళ్ల పైపూత మాత్రము ఇంట చల్లదగినది కాదని నా నిశ్చితాభిప్రాయము. ఆ ద్రవమున ఐసోసైనేటులు కలవు. భోపాలునందు 1984లో ప్రాణములు గొన్న మిథైల్ ఐసోసైనేటు ఆ వంశములోనిదే, ఇది అంత తేలికగా ఆవిరి కాకపోయినను. చల్లునప్పుడు తుంపరగా ఊపిరితిత్తులలో చేరి, ఒకసారి శరీరమునకు పడకపోవుట ఏర్పడినచో జీవితాంతము ఉబ్బసమును కలిగింపగలదు. వాసనచే దాని ఉనికి తెలియదు; వడపోత ముసుగు చాలదు; వెలుపలినుండి శుద్ధవాయువు నందించు ముసుగు కావలెను. కావున రుద్దుట, పుట్టీ, ప్రైమరు ఇంట ముగించి, పైపూతకు షెడ్డునకు తోలుకొనిపోవుట వివేకము. బంపరు మూలనో, అద్దపు గూటిపైననో పని యైనచో గట్టిపరచు ద్రవము లేని ఒంటిపాలు డబ్బా చాలును. అదియు ముసుగు ధరించి, ఆరుబయటనే.

ఆ రుద్దిన నీటిని వానకాలువలో పోయరాదు, అది తిన్నగా వాగులకే చేరును. కారు వర్ణమే మార్చినచో న్యూ సౌత్ వేల్స్ రవాణాశాఖకు తెలిపి రిజిస్ట్రేషనులో మార్పించుకొనవలెను.