కృత్రిమ మేధ వెనుక చిప్, కరెంటు, నీరు

* ధర్మవరం జకార్డు అట్టల్లోనే మూలసూత్రం
* గిగావాట్ కేంద్రానికి రోజుకు 2.4 కోట్ల యూనిట్లు

ధర్మవరం: సెల్‌ఫోన్‌లో ప్రశ్న అడిగిన మరుక్షణమే సమాధానమిచ్చే కృత్రిమ మేధ గాలిలోంచి పుట్టుకొచ్చినది కాదు. దాని వెనుక వేలాది చిప్‌లు, అవి రేయింబవళ్లు వాడుకునే విద్యుత్తు, వాటి వేడిని చల్లార్చే నీరు ఉన్నాయి. ఈ యంత్రాంగానికి ఆధారమైన సూత్రం ధర్మవరం నేతన్నలకు కొత్తదేమీ కాదు. పట్టుచీర అంచుపై, కొంగుపై బుటాలు తీర్చే జకార్డు అట్టల్లోనే అది దాగి ఉంది.

అట్టకు రంధ్రం.. చిప్‌కు స్విచ్

జకార్డు అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం పైకి లేచి పడుగు దారాన్ని ఎత్తుతుంది. రంధ్రం లేనిచోట దారం కిందనే ఉండిపోతుంది. ‘ఉంది’, ‘లేదు’ అనే ఈ రెండు గుర్తులతోనే ఎంతటి క్లిష్టమైన డిజైను అయినా చీరపైకి వస్తుంది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మేరీ జకార్డు 1804లో ఈ పరికరాన్ని రూపొందించారు. 1830వ దశకంలో ఇంగ్లండుకు చెందిన గణిత శాస్త్రవేత్త ఛార్లెస్ బాబేజ్ తాను తలపెట్టిన గణన యంత్రానికి ఇలాంటి అట్టలనే వాడాలని సంకల్పించారు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హొలెరిత్ రూపొందించిన రంధ్రాల కార్డుల యంత్రాలతో క్రోడీకరించారు. ఆయన సంస్థ మరికొన్నింటితో విలీనమై 1924లో ఐబీఎంగా పేరు మార్చుకుంది.

నేటి చిప్‌లో రంధ్రం చేసే పనిని ట్రాన్సిస్టర్ చేస్తుంది. అది ‘ఆన్’, ‘ఆఫ్’ అనే రెండు స్థితులే ఎరిగిన అతి సూక్ష్మమైన స్విచ్. 2022లో ఎన్విడియా సంస్థ ప్రకటించిన ‘హెచ్100’ చిప్‌లో ఇలాంటివి 8,000 కోట్లు ఉన్నాయి.

అన్నీ ఒకేసారి

కృత్రిమ మేధకు సాధారణ కంప్యూటరు ఎందుకు చాలదన్న సందేహం సహజం. పడుగు దారాలను చేత్తో ఒక్కొక్కటిగా ఎత్తుతూ పోతే బుటా పూర్తయ్యేసరికి పొద్దుపోతుంది. అదే జకార్డు అయితే వందలాది దారాలను ఒక్క తొక్కుడుతో ఎత్తుతుంది. కంప్యూటరులోని సీపీయూ క్లిష్టమైన పనులను వరుసగా, వేగంగా చేస్తుంది. జీపీయూ అనే చిప్ వేలాది చిన్న లెక్కలను ఒకేసారి చేస్తుంది. తొలుత వీడియో గేముల బొమ్మల కోసం తయారైన ఈ చిప్‌లే 2012లో మలుపు తెచ్చాయి. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కేవలం రెండు జీపీయూలతో శిక్షణ ఇచ్చిన ‘అలెక్స్‌నెట్’ ఆ ఏడాది చిత్రాలను గుర్తించే అంతర్జాతీయ పోటీలో విజేతగా నిలిచింది.

కృత్రిమ మేధ నమూనా అంటే ప్రధానంగా కోట్లాది అంకెల రాశి. అడిగిన ప్రశ్నను అంకెలుగా మార్చి, ఆ రాశితో గుణించి, కూడి సమాధానం తయారు చేస్తుంది. 2020 నాటి జీపీటీ-3లో 17,500 కోట్ల అంకెలున్నాయి. ఒక్కో అంకెకు రెండు బైట్ల చొప్పున 350 గిగాబైట్ల స్థలం కావాలి. హెచ్100 కార్డులో ఉండే జ్ఞాపకశక్తి 80 గిగాబైట్లే. అంటే ఆ నమూనాను నిలపడానికే కనీసం ఐదు కార్డులు అవసరమన్నమాట.

చిప్‌కు పరాయి దేశాలే దిక్కు

ఈ తరహా అత్యాధునిక చిప్‌లు అధికంగా తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ కర్మాగారాల్లో తయారవుతున్నాయి. అందుకు కావలసిన ముద్రణ యంత్రాలను నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ సంస్థ ఒక్కటే తయారు చేస్తోంది. చిప్ అందకపోతే ఏమవుతుందో 2021లో ప్రపంచమంతా చూసింది. కార్లలో వాడే సాధారణ చిప్‌ల కొరతతోనే పలు దేశాల్లో కార్ల ఉత్పత్తి తగ్గిపోయింది. 2019 నుంచి కియా కార్లు తయారవుతున్న పెనుకొండ ప్రాంతానికి ఇది దూరపు వార్త కాదు.

జీపీయూ కార్డు ధర లక్షల రూపాయల్లో ఉంటుంది. విద్యార్థులు, చిన్న సంస్థలు కొనగలిగినవి కావు. ఈ నేపథ్యంలో కేంద్ర మంత్రివర్గం 2024 మార్చిలో సుమారు రూ.10,372 కోట్లతో ఇండియా ఏఐ మిషన్‌కు ఆమోదం తెలిపింది. జీపీయూలను రాయితీపై గంటల లెక్కన అద్దెకు ఇవ్వడం ఇందులో ముఖ్యాంశం.

రాత్రి కరెంటు ఎక్కడిది?

ఒక్క హెచ్100 కార్డు గరిష్ఠంగా 700 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఇది తొమ్మిది సీలింగ్ ఫ్యాన్ల వాడకంతో సమానం. రోజంతా పూర్తిస్థాయిలో పనిచేస్తే 16.8 యూనిట్లు ఖర్చవుతాయి. ఇలాంటివి వేలల్లో పేర్చితే అది డేటా సెంటర్. 2025 అక్టోబర్ 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు ప్రకటించింది. ఒక గిగావాట్ నిరంతరాయంగా వాడితే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు అవుతుంది.

జిల్లాలో ఎండకు కొదవలేదు. ఎన్.పి.కుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం 2016లోనే పనిచేయడం మొదలుపెట్టింది. అయితే సౌర ఫలకలు పగలే పనిచేస్తాయి, చిప్‌లకు మాత్రం రాత్రి కూడా కరెంటు కావాలి. బ్యాటరీలో, జలవిద్యుత్తో, బొగ్గో ఆ లోటును పూడ్చక తప్పదు.

హిందూపురానికి తెలిసిన కష్టం

చిప్ వాడుకున్న విద్యుత్తు దాదాపు అంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని తీయడానికి నీటిని ఆవిరి చేసే పద్ధతి ఉంది. ఇందులో కరెంటు ఖర్చు తక్కువ, నీటి ఖర్చు ఎక్కువ. అదే నీటిని గొట్టాల్లో తిప్పుతూ శీతలీకరణ యంత్రాలతో చల్లబరిచే పద్ధతిలో నీరు ఆదా అయినా కరెంటు బిల్లు పెరుగుతుంది. రాష్ట్రంలోనే అతి తక్కువ వర్షం కురిసే ఈ ప్రాంతంలో తాగునీటి కష్టం ఏమిటో హిందూపురం వాసులకు వేరే చెప్పనక్కరలేదు. హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా జలాలు గొల్లపల్లి జలాశయానికి చేరితే గానీ ఇక్కడి ప్రజల ఆశ తీరలేదు.

కనుక రేపు ఏ ఊరికి ఇలాంటి కేంద్రం వస్తుందన్నా, ఉద్యోగాల సంఖ్యతోపాటు మరో మూడు ప్రశ్నలు అడగాలి. ఎన్ని మెగావాట్లు? రాత్రి కరెంటు ఎక్కడి నుంచి? నీరు ఎంత, ఏ జలాశయం నుంచి? ఈ మూడింటికీ అంకెలతో సమాధానం లభించినప్పుడే లాభనష్టాలు బేరీజు వేయడం సాధ్యమవుతుంది.