ఊరి పుస్తకశాల నిలుచుటెట్లు?

పుస్తక విక్రేతలకిది గడ్డుకాలము. 1995లో అమెరికాయందు అమెజాను సంస్థయు, 2007లో బెంగుళూరునందు ఫ్లిప్‌కార్టు సంస్థయు అంతర్జాలమున మొట్టమొదట అమ్మినవి పుస్తకములే. నేడు గడప దాటకయే గ్రంథము చౌకగా చేతికి వచ్చుచున్నది. అంగడి లేని గ్రామమునందలి పాఠకునకిది మేలే. కాని అద్దెయు, గుమాస్తాల జీతములును భరించు పట్టణపు వర్తకుడు అంత తగ్గించి యియ్యజాలడు.

ఫ్రాన్సుదేశము దీనిని శాసనముచే నెదుర్కొన్నది. 1981 నాటి లాంగ్ చట్టము ప్రకారము క్రొత్త పుస్తకమును ప్రకాశకుడు నిర్ణయించిన ధరనుండి నూటికి 5 వంతులకు మించి తగ్గింపరాదు. 35 యూరోలకు లోపడిన క్రొత్త పుస్తకముల నింటికి పంపుటకు కనీసము 3 యూరోలు గైకొనవలెనను నియమము 2023 అక్టోబరునుండి అమలులోనికి వచ్చినది. అంగడికి పోయి తెచ్చుకొనువారికీ రుసుము లేదు.

ఇంగ్లండున అట్టి ధరల యొడంబడిక 1990ల దశాబ్దముననే భగ్నమయ్యెను. అచ్చట 2011లో వాటర్‌స్టోన్స్ నిర్వహణము చేపట్టిన జేమ్స్ డాంట్, పుస్తకములను ముందువరుస నుంచుటకై ప్రకాశకులిచ్చు సొమ్మును నిరాకరించెను. ఏ యూరి కేవి వలయునో యెంచుకొను స్వేచ్ఛను ఆ యూరి దుకాణమువారికే యొసగెను. నష్టములనుండి సంస్థ మరల లాభములలోనికి వచ్చెను.

మన దేశమున ముద్రిత ధరను మించరాదను నియమమే కాని, ఇంతకు తగ్గింపరాదను శాసనము లేదు. అట్టిది వచ్చువరకు మన వర్తకులకు పాఠకుల అభిరుచి నెరుగుటయే మూలధనము. అంగడిలో పుటలు త్రిప్పి చూచి, చౌకకై యింటికేగి యితరులయొద్ద కొనుట పాఠకులును మానవలెను. ఆ తలుపు మూతపడినచో, మనమెరుగని మంచి తెలుగు గ్రంథమును వెదకి చేతికిచ్చువాడుండడు.